డే స్కాలర్ అంటే సగం చదువా?

గుంటూరు నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ పేటా వేయొద్దన్నారు. భర్త మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టులో గుమాస్తా. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడతారు. కూతురు ఈ ఏడాది పదో తరగతి 561 మార్కులతో పాసయింది, ఎంపీసీ తీసుకుంటానంటోంది. విజయవాడలో ఏలూరు రోడ్డు వైపున్న ఒక కాలేజీ పీఆర్వో సంక్రాంతి నుంచీ వీళ్ళింటి చుట్టూ తిరుగుతున్నాడు. హాస్టల్ అయితే ఏడాదికి లక్షా డెబ్భై వేలు, డే స్కాలర్ అయితే ఎనభై వేలు అన్నాడట. నెలాఖరులోపు పది వేలు కట్టి సీటు ఖాయం చేసుకుంటే కన్సెషన్ ఇప్పిస్తానన్నాడు.

భర్త హాస్టలే అంటున్నారు. ఆయన అన్నగారి అబ్బాయి ఆ కాలేజీ హాస్టల్లోనే ఉండి చదివి ఎన్ఐటీలో సీటు తెచ్చుకున్నాడు. "డే స్కాలర్ అంటే సగం చదువు. పగలు కాలేజీ, రాత్రి టీవీ" అన్నది ఆయన మాట. ఆయన ఇంటర్ రోజుల్లో తెల్లవారుజామున గేదెల పని చూసుకుని సైకిల్ మీద కాలేజీకి వెళ్ళేవారట, లెక్కల్లో తప్పారట. కూతురేమో "ఎక్కడైనా చదువుతాను, రాత్రికి మాత్రం ఇంటికి వచ్చేస్తాను" అంటోంది. ఎందుకంటే చెప్పదు. ఎనిమిదో తరగతిలో ఆ అమ్మాయిని ఒక హాస్టల్ స్కూల్లో వేశారు. నలభై రోజులకు జ్వరంతో ఇంటికి తెచ్చుకున్నారు, మళ్ళీ పంపలేదు. తండ్రి ఇప్పటికీ దాన్ని "పారిపోయి రావడం" అంటారు.

ఈ మధ్య ఒక పెళ్ళిలో పెదనాన్న కూతురు నలుగురిలో "డే స్కాలర్‌గా చేరతావా? అయితే నీకు పై బ్యాచ్ ఇవ్వరులే" అనేసరికి పిల్ల విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. అత్తగారు డే స్కాలర్ అంటే స్కాలర్‌షిప్ వచ్చిందనుకుని వీధంతా చెప్పుకొచ్చారు. పక్కింటివాళ్ళు ఎంత వచ్చిందని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదట.

"అసలు డే స్కాలర్ అంటే అర్థం ఏమిటండీ? తక్కువ రకం విద్యార్థి అనా? నెల రోజులుగా ఇంట్లో ఈ మాట మీదే గొడవ. పాప లేకపోతే నాకు ఇల్లు బోసిపోతుంది, అది వేరే సంగతి. మీరు లెక్చరర్‌గా చేశారు కాబట్టి ఏది మంచిదో ఒక్క మాట రాయండి, మా ఆయనకు చూపిస్తాను" అని ముగించారు. చివరి పేజీ అంచున, విజయవాడ పక్కన పోరంకిలో తన చెల్లెలు ఉందనీ, అక్కడ ఉంచి చదివించవచ్చా అనీ ఇరికించి రాశారు.

అమ్మా,

ముందు మీ అత్తగారి సంగతి తేలుద్దాం. ఆవిడను చూసి ఎవరూ నవ్వకండి. ఆవిడ పూర్తిగా తప్పేమీ చెప్పలేదు. ఇంగ్లీషులో స్కాలర్ అంటే మొదట్లో బడికి వెళ్ళే పిల్లలే. బోలెడు చదివిన పండితుడన్న అర్థం దానికి తర్వాత బలపడింది. ఆ చదువుకోసం ఇచ్చే డబ్బు స్కాలర్‌షిప్. మాటలు రెండూ ఒక తల్లి బిడ్డలే, డబ్బు మాత్రం ఒకదాంట్లోనే ఉంది. పక్కింటివాళ్ళకు అదే చెప్పండి, సరిపోతుంది.

ఇంకాస్త వెనక్కి పోతే స్కూలుకీ స్కాలర్‌కీ మూలం 'స్కోలే' అనే గ్రీకు మాట. దాని అర్థం తీరిక. పనీపాటా లేని తీరికలో నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం, ఆ మాటల్లో నేర్చుకోవడం, అలా అది బడి అయింది. నేను పాఠం చెప్పే రోజుల్లో సీనియర్ ఇంటర్ పిల్లలకు ఒకసారి ఈ సంగతి చెప్పాను. వెనక బెంచీలో ఒకడు నిద్ర కళ్ళతో "ఇప్పుడది ఎక్కడ దొరుకుతుంది మేడమ్" అన్నాడు.

ఇక డే స్కాలర్. హాస్టల్ ఉన్న బడిలో, అక్కడ ఉండకుండా పగలు వచ్చి చదువుకుని రాత్రి ఇంటికి వెళ్ళేవాళ్ళకు ఆ పేరు. ఇంగ్లండులో ఇలాంటి పిల్లల్ని డే బాయ్, డే గర్ల్ అన్నారు. బడిలోనే తిని పడుకునేవాళ్ళు బోర్డర్లు. బోర్డు అంటే బల్ల, ఆ బల్ల మీద వడ్డించే భోజనం. మన బస్టాండ్ల పక్కన 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' అని రాసి ఉంటుందే, ఆ బోర్డింగే ఇది. అంటే ఈ రెండు మాటలూ చెప్పేది ఒకటే: పిల్ల రాత్రి అన్నం ఎక్కడ తింటుంది, ఎక్కడ పడుకుంటుంది. మార్కులు, తెలివి, బ్యాచ్, ఇవేవీ ఆ మాటలో లేవు. ప్రభుత్వం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల్లో కూడా ఇదే అర్థంలో వాడుతుంది. హాస్టలర్‌కు నిర్వహణ భత్యం ఒక రేటు, డే స్కాలర్‌కు ఇంకో రేటు. తేడా భోజనం, బస ఖర్చుకే, చదువుకు కాదు.

మరి తక్కువ రకం అన్న వాసన ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగులో చూడండి, బడిపిల్లలు అంటే అందరూ బడిపిల్లలే. వీధిబడికి వెళ్ళేవాళ్ళు ఎవరింటి నుంచి వాళ్ళు వెళ్ళేవారు కాబట్టి ఇంటి నుంచి వచ్చేవాడికి వేరే పేరు అక్కర్లేకపోయింది. ఊరు వదిలి చదువుకునేవాడికే పేరు పెట్టాల్సి వచ్చింది. వారాల అబ్బాయి అన్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా వారంలో ఏడు రోజులూ ఏడిళ్ళలో తిని చదువుకున్నవాడు. జాలిగా చూసింది వాణ్ణి, ఇంటి నుంచి వచ్చేవాణ్ణి కాదు. ఆ తర్వాత 1970ల మొదట్లో మీ గుంటూరు పక్కనే తాడికొండలో ప్రభుత్వ గురుకుల పాఠశాల వచ్చింది. పరీక్ష రాసి, అందులో నెగ్గితేనే సీటు. రెసిడెన్షియల్‌లో చదువుతున్నాడంటే ఊళ్ళో గౌరవం. నాకనిపించేదేమంటే, పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే బడికి వచ్చిన ఆ పేరును, ఫీజు చూసి తీసుకునే కాలేజీలు కూడా తగిలించుకున్నాయి. దాంతో తాసు తిరగబడింది. ఇప్పుడు జాలి చూపు ఇంటి నుంచి వచ్చేవాళ్ళ మీద పడుతోంది.

నేను పనిచేసిన కాలేజీలో (పేరు వద్దులెండి) హాజరు పట్టీలో పేరు పక్కన హెచ్ అనో డీఎస్ అనో ఉండేది. ముందు వరసలన్నీ హెచ్‌లవి. నేను చేరిన కొత్తలో నేనూ డీఎస్‌ల వైపు అంతగా చూసేదాన్ని కాదు, అది నా తప్పే. తర్వాత ఒక సంగతి కనిపెట్టాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే డే స్కాలర్ చుట్టూ నలుగురు హాస్టలర్లు చేరేవారు. ముక్క గోంగూర పచ్చడి కోసం, ఒక బాల్‌పెన్ను తెప్పించుకోవడం కోసం, "మా అమ్మకు ఫోన్ చేసి ఆదివారం రమ్మని చెప్పు" అనడం కోసం. వాళ్ళకు బయటి లోకం అంటే ఈ పిల్లలే. పెళ్ళిలో ఆ మాటన్న మీ బావగారమ్మాయి హాస్టలరేనా? అయితే ఆ మాటలో గొప్ప ఎంతో, కడుపుమంట ఎంతో నాకు చెప్పడం కష్టం.

కానీ ఆ అమ్మాయి అన్నదాన్ని పూర్తిగా తోసెయ్యకండి. కొన్ని కాలేజీల్లో పై బ్యాచ్‌ను హాస్టల్ వాళ్ళతోనే నింపుతారు. రాత్రి స్టడీ అవర్స్‌లో, ఆదివారం పరీక్షల్లో అందరూ ఉండాలి కాబట్టి అంటారు. ఇది పీఆర్వోను అడిగితే "అదేం లేదు మేడమ్" అంటాడు. కాలేజీకే వెళ్ళి, డే స్కాలర్‌కు ఏ సెక్షన్ ఇస్తారు, అక్కడ ఏ లెక్చరర్లు చెబుతారు అని ప్రిన్సిపాల్‌నే అడగండి. సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఇద్దరు సీనియర్ పిల్లల్ని అడిగితే ఇంకా మంచిది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం మానుకోవాలని, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నం హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసు అది. మీ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు అని అడగండి. వాళ్ళు ఎలా తడబడతారో చూస్తే ఆ కాలేజీ మీకు సగం అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ముగ్గురూ ఒకే మాట అంటున్నారు గానీ ముగ్గురికీ వినపడుతున్నది వేరు.

మీ ఆయనకు డే స్కాలర్ అంటే గేదెలు. తెల్లవారుజామున పాలు పితికి, సైకిల్ తొక్కి, చెమటతో క్లాసులో కూర్చుని నిద్రపోయిన కుర్రాడు కనపడుతున్నాడు. ఇంటి నుంచి వెళ్ళడం వల్లే తనకు చదువు అబ్బలేదని ఆయన నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆయన్ని ముంచింది ఇల్లు కాదు, ఇంటి పని. మీ అమ్మాయికి గేదెలు లేవు. ఆ సంగతి ఆయనతో వాదనలా కాకుండా, ఆ రోజులు ఎలా గడిచాయో అడిగి తెలుసుకుంటూ అనగలిగితే మేలు. మగవాళ్ళు తప్పిన పరీక్ష గురించి మాట్లాడరు. పిల్లల ఫీజుల దగ్గరే మాట్లాడతారు.

మీకు డే స్కాలర్ అంటే పిల్ల కళ్ళెదుట ఉండటం. "అది వేరే సంగతి" అని రాశారు. వేరే సంగతి కాదమ్మా, మీ సంగతి అదే. తప్పు లేదు, కానీ మీ బెంగను పిల్ల ఇష్టంతో కలిపి చెప్పకండి. రేపు చదువు కాస్త తగ్గితే "మీ అమ్మ కోసం ఇంట్లో ఉంచాం" అనే మాట ఆ పిల్ల మీదకే వస్తుంది.

అమ్మాయికి ఆ మాటకు అర్థం ఏమిటో మీ ఇద్దరికీ తెలియదు. నాకూ తెలియదు. ఎనిమిదో తరగతి నలభై రోజుల్లో జ్వరం ఒక్కటే వచ్చిందా? మూడేళ్ళయినా ఎందుకో చెప్పని పిల్ల, నాన్న "పారిపోయి వచ్చింది" అన్నప్పుడల్లా తల దించుకునే పిల్ల, ఏదో దాచుకుని ఉండవచ్చు. భయం కావచ్చు, అవమానం కావచ్చు, ఎవరైనా చెడుగా ప్రవర్తించి ఉండవచ్చు. లేదా ఉత్తి ఇంటి బెంగే కావచ్చు. హాస్టలా కాదా అన్నది తేల్చడానికి ముందు ఇది తెలియాలి. జవాబు కోసం ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయకండి. మిషన్ దగ్గర కూర్చుని కాజాలు కుట్టమనండి. చేతిలో పనుంటే పిల్లలు మాట్లాడతారు. చెప్పేది బరువైనదైతే మీరొక్కరే మోయక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. ఎవరైనా పిల్ల జోలికి వచ్చారని తేలితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. మీ ఆయన మాత్రం ఈ రోజు నుంచే 'పారిపోయి' అన్న మాట మానాలి. ఇది ఒక్కటి నేను సలహాగా కాక గట్టిగానే చెబుతున్నాను. జ్వరంతో ఉన్న పిల్లను తెచ్చుకున్నది మీరు.

దారులు ఏమున్నాయో చూద్దాం.

గుంటూరు నుంచి రోజూ ఏలూరు రోడ్డు వరకు డే స్కాలర్‌గా వెళ్ళిరావడం. పైకి చవక. ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి వచ్చాక ఎక్స్‌ప్రెస్ బస్సులో కూడా ఆడపిల్లకు టికెట్ డబ్బులు లేవు. కానీ గుంటూరు బస్టాండు నుంచి విజయవాడ ముప్ఫై అయిదు కిలోమీటర్లకు దగ్గర దగ్గర. వారధి దగ్గర బండ్లు నిలిచిపోతే చెప్పలేం. అక్కడ దిగి బెంజ్ సర్కిల్, రామవరప్పాడు దాటి ఇంకో బస్సు. ఇంటి నుంచి బస్టాండుకు ఆటో. ఒక వైపు రెండు గంటలు వేసుకోండి. రోజుకు నాలుగు, ఆరు రోజులకు ఇరవై నాలుగు. వారానికి ఒక పూర్తి రోజు, రాత్రితో సహా బస్సులోనే గడుస్తుంది. మీరు నాలుగింటికి లేచి క్యారేజీ కట్టాలి. మీ ఆయన అన్న సగం చదువు ఇక్కడ నిజమవుతుంది, అదీ డే స్కాలర్ అయినందుకు కాదు, దూరం అయినందుకు. పైగా కాలేజీ డే స్కాలర్ అన్నప్పుడు ఎన్నింటికి వదులుతారో రాసివ్వమనండి. కొన్నిచోట్ల డే స్కాలర్ అంటే పొద్దున్న ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిది. సెమీ రెసిడెన్షియల్ అని ఇంకోటి చెబుతారు. అందులో నిద్ర తప్ప మిగతాదంతా వాళ్ళదే. పేరు చూసి మోసపోకండి, గంటలు చూడండి.

గుంటూరులోనే డే స్కాలర్‌గా చేరడం. ఆశ్చర్యంగా మీ ఆరు పేజీల్లో ఈ ముక్క ఎక్కడా లేదు. లక్ష్మీపురం, కొరిటెపాడు, అరండల్‌పేట, ఎటు చూసినా కాలేజీలే కదమ్మా. విజయవాడ అనేసరికి ఏదో ఎక్కువ అనిపిస్తుంది. అరగంటలో ఇంటికి చేరే పిల్లకు రోజుకు మూడు గంటలు మిగులుతాయి. వాటిలో ఒకటి నిద్రకు, ఒకటి లెక్కలకు, ఒకటి ఉత్తినే. గ్రీకువాళ్ళన్న తీరిక అదే. దీనికి పడాల్సిన కష్టం మీ ఇంట్లో ఉంది. ఎవరు టీవీ పెట్టినా ఆ గంటల్లో ఆపాలి, కుట్టు కోసం వచ్చే ఆడవాళ్ళ కబుర్లు వేరే గదిలోకి పోవాలి, చుట్టాలొస్తే కాఫీ కలపడానికి పిల్లను పిలవకూడదు. ఇంటి నుంచి చదివే ఆడపిల్లను చదివేది ఆపించడం ఇంట్లోవాళ్ళకు చాలా తేలిక. "ఒక్క నిమిషం ఇటు రా" అంటే చాలు. అక్కడ మీ ఆయన భయం సరైనదే.

పోరంకిలో మీ చెల్లెలింట్లో ఉండటం. కాలేజీ దగ్గరవుతుంది, పిల్ల ఒంటరి కాదు. కానీ మీ చెల్లెలికి చంటిపిల్లలుంటే, పెద్ద పిల్ల ఇంట్లో ఉండగా చేతికి పని అందించకుండా ఎవరూ ఉండలేరు. వారాల అబ్బాయిలు కూడా ఉత్తినే తినలేదు, ఆ ఇంటి పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్ళున్నారు, బావిలో నీళ్ళు తోడినవాళ్ళున్నారు. మీ చెల్లెలి భర్త ఆవిడకేసి చూసే చూపు కూడా లెక్కలోకి వస్తుంది. పంపేటట్టయితే నెలకు ఇంత అని మొదటి నెలే చేతిలో పెట్టండి, వద్దంటే చీర రూపంలో కాదు, డబ్బుగానే. పనికి హద్దు ముందే చెప్పుకోండి. అక్కాచెల్లెళ్ళ మధ్య ఇలాంటివి చెప్పుకోవడం ఇబ్బందిగానే ఉంటుంది. చెప్పుకోకపోతే ఆర్నెల్లకు ఇంకా ఇబ్బంది.

హాస్టల్. అమ్మాయి తనంతట తాను సరేనంటేనే. కొందరు పిల్లలు హాస్టల్లో నిజంగా బాగుపడతారు, నేను చూశాను. ఇంట్లో గొడవలున్నవాళ్ళు, ఊళ్ళో మంచి బడి లేనివాళ్ళు, తోటిపిల్లల మధ్య ఉంటేనే పుస్తకం పట్టేవాళ్ళు. మీ బావగారి అబ్బాయి అలాంటివాడు కావచ్చు. అలాగని అదే గదిలో పడుకున్నంత మాత్రాన మీ పిల్లకు అదే సీటు రాదు. ఆ గదిలోంచి వచ్చి సీటు రానివాళ్ళ సంగతి పీఆర్వో ఫోటోలు వేసి చెప్పడు. చేర్చేముందు మెస్ భోజనం ఒక పూట మీరే తిని చూడండి, జ్వరమొస్తే ఎక్కడ పడుకోబెడతారో చూడండి, ఫోన్ వారానికి ఎన్నిసార్లు, ఔటింగ్ ఎప్పుడు అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో హాస్టల్ వదిలి డే స్కాలర్‌గా మారితే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద తీసుకోండి. డే స్కాలర్‌గా చేరి తర్వాత హాస్టల్‌కు మారతానంటే ఏ కాలేజీ అయినా సంతోషంగా తీసుకుంటుంది. అటు నుంచి ఇటు రావడమే కష్టం. డబ్బు పోతుందని పిల్లను అక్కడే ఉంచేసిన తల్లిదండ్రుల్ని నేను ఎరుగుదును. తప్పు వాళ్ళది కాదు, లక్ష రూపాయలు చిన్న మాట కాదు.

నాకే ఈ పిల్ల ఉంటే గుంటూరులో డే స్కాలర్‌గా చేర్చి, దసరా సెలవుల దాకా చూసి, అప్పుడు మళ్ళీ మాట్లాడేదాన్ని. కానీ మీ ఇల్లు నా ఇల్లు కాదు. మీ ఆయనకు చూపించడానికి ఒక్క మాట రాయమన్నారు. అది మాత్రం రాయను. ఇద్దరి గొడవలో నా కాగితం మూడో మనిషవుతుంది, ఆయన ఇంకా బిగుసుకుంటారు. చూపించాలనిపిస్తే మొత్తం చూపించండి, గేదెల ముక్కతో సహా.

పది వేలు మాత్రం నెలాఖరు కదా అని కంగారుపడి కట్టకండి. పదో తరగతి ఫలితాల తర్వాత 561 మార్కుల పిల్లకు సీటు లేదనే కాలేజీ మన రెండు ఊళ్ళలో లేదు. ఆ కన్సెషన్ నెల దాటాక కూడా ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది. ముందు కాజాల దగ్గర ఏం చెప్పిందో తెలిశాక, వీలైతే మళ్ళీ రాయండి.